చెరిపేసిన గొంతులు

మిల్లు తగలబడిన రోజున బతికి బయటపడిన ఆడవాళ్లు నలుగురే. ఏళ్ల తరబడి పెదవి విప్పని ఆ నలుగురి చేత మాట్లాడించినవాడు, వాళ్లలో ఒకరైన పెద్దక్కకు తమ్ముడు. తల్లి పోయాక పెద్దక్కే చంకనేసుకుని పెంచిన ఆ తమ్ముడు, చదువుకుని పాత రికార్డులు భద్రపరిచే కార్యాలయానికి అధికారి అయ్యాడు.

"ఇక్కడ దాచిన మాట, మనిషి పోయినా పోదక్కా. రేపెవరైనా అబద్ధమంటే వినిపించొచ్చు," అన్నాడు.

అతన్ని నమ్మి ఒక్కొక్కరే టేపురికార్డరు ముందు కూర్చున్నారు. తలుపుకు బయట తాళం వేసి ఉందనీ, కిటికీ చువ్వలు వంచుకుని దూకామనీ చెప్పారు.

తర్వాత ముగ్గురు కన్నుమూశారు. మిల్లు వాళ్లు అచ్చేసిన చరిత్ర పుస్తకంలో ఆ రోజు తలుపు తెరిచే ఉందని రాశారు. పెద్దక్కకు ఒళ్లు మండిపోయింది. పోయిన ముగ్గురిలో ఒకరైన తన నేస్తం కూతురిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

"పదవే, మీ అమ్మ గొంతు వినిపిస్తా."

కార్యాలయం కొత్త భవనంలోకి మారింది. గుమాస్తా టేపు పెట్టాడు. బరబరమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మిగతా మూడూ అంతే.

పెద్దక్క తమ్ముడి గదిలోకి వెళ్లింది. "ఏరా, టేపులు పాడయ్యాయా?"

అతను తలెత్తలేదు. "చెరిపించానక్కా."

"ఎవరు చెరపమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఈ భవనం మిల్లు వాళ్లే కట్టించారు. పాతచోట కాగితాలన్నీ చెదల పాలవుతున్నాయి. టేపుల సంగతి తెలిస్తే వెనక్కి తగ్గుతారేమోనని... నాలుగు టేపులు పోతే వేల కాగితాలు బతికాయి. కూర్చో అక్కా, మంచినీళ్లు తాగు."

"కంచే చేను మేసిందన్నమాట." పెద్దక్క కూర్చోలేదు. "నా మాట పోతే మళ్లీ చెబుతా. మళ్లీ చెప్పడానికి వాళ్లు ముగ్గురూ ఎక్కడున్నార్రా?"

నీళ్లు ముట్టకుండా బయటికొచ్చేసింది.

మెట్ల మీద ఆ పిల్ల ఫోను తీసింది. "మా అమ్మ ఏం చెప్పిందో గుర్తుందా పెద్దమ్మా?"

గుర్తున్నదంతా చెప్పింది పెద్దక్క. తాళం సంగతి, పొగ సంగతి, కిటికీలో ఇరుక్కున్న తనను చూసి అంత ప్రమాదంలోనూ నేస్తం ఫక్కున నవ్విన సంగతి. ఎలా నవ్విందో చూపించబోయి ఆగిపోయింది. అది తనవల్ల కాలేదు.

పిల్ల కళ్లు తుడుచుకుని రికార్డింగు ఆపింది.

"దీన్నెక్కడ దాచాలి పెద్దమ్మా?"

పెద్దక్క వెనక్కి తిరిగి ఆ భవనం వంక చూసింది.