ముందస్తు కృతజ్ఞత

కూతురు అఖిల పోయి రెండు నెలలైనా రత్నమాణిక్యం చర్చి గుమ్మం తొక్కలేదు. కొల్లేటికోటలోని ఆ చిన్న సంఘానికి ఇది చిన్న విషయం కాదు, అక్కడ పాట ఎత్తేది ఆవిడే మరి. ఆవిడ గొంతు విప్పితే గట్టు మీద కొంగలన్నీ లేచిపోతాయని మొగుడు వెంకట్రాజు ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే, చేపల చెరువులో మేత సంచులు కడుతూ ఆ పాటలే కూనిరాగం తీసేవాడు. చర్చికి మాత్రం రాడు. "ఇంటికొకళ్ళు చాల్లేవే, నా పేరు కూడా నువ్వే చెప్పెయ్యి" అనేవాడు.

ఇప్పుడు ఆదివారం మైకులో ఎవరో ఒకరు పాట ఎత్తుతున్నారు, సగంలో శృతి తప్పుతున్నారు. రత్నమాణిక్యం ఇంట్లో కూర్చుని విని ఊరుకుంటోంది. దేవుడి మీద ఆవిడ కోపం అలాంటిలాంటిది కాదు.

ఓ శనివారం పొద్దున్న పాస్టరుగారు ఇంటికొచ్చారు. వయసులో చిన్నవాడే, మంచి మనిషి. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా మొదలుపెట్టారు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుసండి. కానీ సుఖంలోనూ కష్టంలోనూ దేవుడు మన ఆరాధన కోరతాడు కదా."

"ఎందుకండీ?"

"ఏంటమ్మా?"

"ఎందుకు కోరతాడని అడుగుతున్నానండి. ఆకాశం ఆయనదే, ఈ కొల్లేరూ ఆయనదే. పైన దేవదూతలు పొద్దస్తమానం పొగుడుతూనే ఉంటారని మీరే చెప్తారు. అది చాలక ఈ మాణిక్యం కూడా పొగడాలా? మా చెరువు ఆసామికి కూడా అంత పొగడ్త అక్కర్లేదండి. అయినా నేను ముందే పొగిడేశాను కదా. అంతా పుచ్చుకుని ఆయన ఏం చేశాడో మీరు చూశారు."

పాస్టరుగారు తల వంచుకున్నారు. ఆవిడ ఇంటి ముందు పెట్టిన కృతజ్ఞత కూటంలో ప్రార్థన చేసింది ఆయనే.

సంగతేమిటంటే, తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతుండగా అఖిలకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఏలూరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవారు. జబ్బు నయమైతే కృతజ్ఞత కూటం పెడతామని అందరూ మొక్కుకుంటారు. నయం కాకముందే పెట్టడం అసలైన విశ్వాసమని రత్నమాణిక్యం ఫోనులో ఎవరిదో ప్రసంగం విన్నది. ఇక ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వెంకట్రాజు వద్దన్నాడు, పాస్టరుగారు కూడా కాస్త ఆగుదామన్నారు. ఆవిడ వినలేదు. ఇంటి ముందు షామియానా వేయించి ఊరందరికీ భోజనాలు పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. మోచేతికి కట్టుతో నీరసంగా కూర్చున్న పిల్లని లేపి నిలబెట్టి, తనకి పూర్తిగా స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పించింది.

అఖిల చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు, చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఏలూరు బస్సెక్కింది.

ఈసారి ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు బతికింది. పద్దెనిమిది రోజులూ తల్లితో మాట్లాడలేదు. తండ్రితో మాట్లాడేది, నర్సులతో మాట్లాడేది, పక్క మంచం ముసలమ్మకి ధైర్యం కూడా చెప్పేది. తల్లి దగ్గరికి వస్తే చాలు, గోడవైపు తిరిగిపోయేది. తల దువ్వితే దువ్వించుకుంది, అన్నం పెడితే తిన్నంత తిన్నది. మాట మాత్రం లేదు. అలాగే పోయింది.

పాస్టరుగారు గ్లాసు పక్కన పెట్టి, "అమ్మా, ఆ రోజు నేను గట్టిగా వద్దనాల్సింది" అన్నారు. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

పెరట్లో వెంకట్రాజు చేపల మేతకి చిల్లుల సంచుల్లో తవుడు నింపుతున్నాడు. అరుగు మీద మాటలన్నీ విన్నాడు. చెయ్యి ఆపకుండానే పిలిచాడు.

"మాణిక్యం, ఆసుపత్రిలో నువ్వు దాన్ని ఏమని బతిమాలేదానివో గుర్తుందా?"

ఆవిడ పెరట్లోకి వచ్చింది.

"తిట్టవే తల్లీ, ఇటు తిరిగి నోరారా తిట్టవే అనేదానివి. అది తిడితే నీకేం వస్తుందే?"

"నాకేం రావాలండీ!" అంది. "అది నా బిడ్డ. నన్ను మెచ్చుకోమన్నానా? అమ్మా అని ఒక్కసారి పిలిస్తే చాలనుకున్నాను. కోపమంతా లోపల పెట్టుకుని ఒక్కత్తీ చచ్చిపోతుందేమోనని నా భయం."

వెంకట్రాజు సంచి మూతి బిగించి కట్టాడు.

"మరి ఆ దేవుడూ అందుకే అడుగుతున్నాడేమో. నాకేం తెలుసు, చర్చికి పోనివాణ్ణి."

రత్నమాణిక్యం అక్కడే తవుడులో చతికిలపడి ఏడ్చింది. రెండు నెలల్లో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. వెంకట్రాజు ఓదార్చలేదు, పక్కన కూర్చున్నాడు.

మర్నాడు ఆదివారం ఆవిడ చర్చికి వెళ్ళింది. వెనక వరసలో వెంకట్రాజు కూడా కూర్చున్నాడు. సాక్ష్యాల వేళ ఆవిడ లేచి నిలబడింది. పాట ఎత్తుతుందనుకుని ఒకాయన డోలక్ ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నా బిడ్డకి స్వస్థత కలగలేదండి" అంది. "ఆ రోజు అది చెప్పింది అబద్ధం. అబద్ధం చెప్పించింది నేను. బతికుండగా దానికి క్షమాపణ చెప్పలేకపోయాను."

ఎవరూ స్తోత్రం అనలేదు. డోలక్ ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. రత్నమాణిక్యం జనం మీంచి చూపు తిప్పుకుని తల పైకెత్తింది.

"తండ్రీ, నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నా పిల్లని ఎందుకు తీసుకుపోయావో నాకు అర్థం కాలేదు, చెప్పినా అర్థం కాదేమో. స్తుతి చెయ్యడానికి నాకు నోరు రావట్లేదు. మాట్లాడ్డానికే వచ్చాను."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పద్దెనిమిది రోజులు నేను అడిగాను, అది పలకలేదు. నువ్వు రెండు నెలలు అడిగావు, నేను పలికాను. నీకైనా నీ బిడ్డ మాట దక్కింది, తండ్రీ."

అని కూర్చుంది.