గుహకు దమ్ పెట్టిన షరీఫ్ భాయ్

పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఎండాకాలం సెలవులకు, బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే కాశప్ప ఆదోనికి వస్తూ వింత ఆటొకటి వెంట తెచ్చాడు. దానికి పటమూ లేదు, పావులూ లేవు. కాశప్ప రాక్షసుల కథ చెబుతుంటాడు. ఆడేవాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని, వాడు ఏం చేస్తాడో చెప్పాలి. జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మనిషి బలాన్ని ఆట నియమాల పుస్తకంలో ఏమన్నారో గానీ వీళ్లు మాత్రం దమ్ము అన్నారు. మనిషి చస్తే పేరు కొట్టేస్తారు, అంతే సంగతులు.

ఆడడానికి కూర్చున్న ముగ్గురు స్నేహితుల్లో బసన్న కత్తివీరుణ్ణి కల్పించుకున్నాడు, తిమ్మన్న మాంత్రికుణ్ణి. యూనుస్ వంతు వచ్చింది.

"నా మనిషి వంటమాస్టరు. పేరు షరీఫ్."

షరీఫ్ యూనుస్ వాళ్ల నాయన. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఏ పెళ్లిలో బిర్యానీ డేగిసా పొయ్యికెక్కాలన్నా ఆయన రావాల్సిందే.

"రాక్షసుని మీదికి గరిటె ఎత్తుకోని వస్తావేందప్పా?" కాశప్ప నవ్వాడు. "వంటోళ్లు వీరులెట్లయితారు? బసన్నకు కూడొండే పనోడని రాసుకుంటా."

యూనుస్‌కు ఒళ్లు మండింది. "పనోడు కాదు. వీరుడనే రాయి."

రాశాడు. పాచిక వేస్తే దమ్ము మూడే పడింది. బసన్నకు పదహారు. తానేం చేశాడో యూనుస్‌కు అప్పుడు తెలిసొచ్చింది. కాశప్ప ఆ పేరు మీద గీత గీస్తే గీత పడేది నాయన పేరు మీద. ఆటే కదా అని సరిపెట్టుకోవడం అతనివల్ల కాలేదు.

కథలో రాక్షసుడు కొండగుహలో నిధికి కాపలా ఉన్నాడు. బసన్న కత్తి విరిగింది, తిమ్మన్న మంత్రం బెడిసికొట్టింది. ఇద్దరూ కుంటుకుంటూ బయటపడ్డారు.

"ఇంగ నువ్వే. మూడు దమ్ముతో ఏం సేస్తావు?" అన్నాడు కాశప్ప.

"గుహకు నోరు ఒకటేనా?"

"ఒకటే."

"బండ అడ్డం పెడతా. సందులకు పిండి ముద్ద మెత్తుతా, ఆవిరి బయటికి పోకుండా. సుట్టూరా కట్టెలు, బండ మీద నిప్పులు. సన్నమంట."

"వాని దమ్ము ఇరవై, నీది మూడు."

"నాది ఎవరడిగినారప్పా? దమ్ పెడతాండేది గుహకు. మూత పడినాక లోపల ఉండేది కోడైనా ఒకటే, రాక్షసుడైనా ఒకటే."

"నీళ్లు లేకుండా ఆవిరి యాడిది?"

"వాని ఒంట్లో నీళ్లు సాలవా?"

కాశప్ప పుస్తకమంతా తిరగేశాడు. రాక్షసుణ్ణి దమ్ పెట్టే పద్ధతి అందులో ఎక్కడా లేదు. "పది దాటితే వాడు సచ్చినట్లు. దాటకపోతే షరీఫ్ పేరు కొట్టేస్తా," అన్నాడు.

యూనుస్ బిస్మిల్లా అనుకుని పాచిక వదిలాడు. అది దొర్లి దొర్లి పద్నాలుగు మీద ఆగింది.

తిమ్మన్న యూనుస్ వీపు మీద ఒక్కటి చరిచాడు. లోపలి నిధి కోసం ఆత్రపడి, "నేను పోయి బండ తోస్తాండా," అన్నాడు బసన్న.

"ఆగు," అన్నాడు యూనుస్. "దమ్ పెట్టినోడే మూత తీయాల."

ఆ మాట ఆదోనిలో ఎవరికీ కొత్త కాదు. ఎంత ఆకలేసినా, పెళ్లికొడుకు తండ్రి అయినా, మాస్టరు వచ్చేదాకా డేగిసా మూత ముట్టుకోరు. బసన్న వెనక్కి తగ్గాడు. యూనుస్ గుండె పొంగింది.

కాశప్ప పుస్తకం మూసి గొంతు సవరించుకున్నాడు.

"అందరూ పక్కకు జరగండప్పా," అన్నాడు. "షరీఫ్ భాయ్ మూత తీస్తాండాడు."