సగం మాట

పొద్దున్నే ఎర్ర షాపు షట్టరు లేస్తుంది. నూనె కాగుతుంది, బల్లలు తుడుస్తారు, పనివాళ్ళు నెత్తిన కాగితం టోపీలు పెట్టుకుంటారు. కౌంటరు దగ్గర నిలబడే ఆమెను అందరూ కౌంటరమ్మ అనే పిలుస్తారు. వేయించిన కోడిముక్కల పొట్లం చేతికిచ్చి, కంపెనీ నేర్పినట్టే "మళ్ళీ రండి" అంటుంది. ఆ మాట ఏ కొట్లోనైనా అనేదే. ఈమె అంటే మాత్రం వచ్చి తీరాలి. కడుపునొప్పి ఉన్నవాడూ వస్తాడు, ఇక ముట్టనని ఒట్టేసుకున్నవాడూ వస్తాడు. ఒకసారి అలవాటుకొద్దీ ఇంటికొచ్చిన కరెంటు మీటరు అతనితో అనేసింది. పాపం, రోజూ వచ్చి మీటరు చూసి పోతున్నాడు. కొందరికి హస్తవాసి ఉన్నట్టు ఈమెకు నోటివాసి ఉంది, అంతే అనుకున్నారు వీధిలో.

రోడ్డుకు అటువైపు పసుపు షాపు. అవే కోడిముక్కలు, అదే బన్ను, టోపీ రంగు వేరు. ఎక్కడో దూరాన కూర్చున్న రెండు పెద్ద కంపెనీలు కొట్టుకోవడానికి ఇక్కడి మనుషుల్ని పెట్టుకున్నాయి. వీళ్ళు ఒకటి కొంటే ఒకటి ఉచితమంటే, వాళ్ళు పిల్లలకు బొమ్మ ఉచితమన్నారు. ఆ పసుపు షాపులో నూనె ముందు నిలబడేది కౌంటరమ్మ సొంత అక్క. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి.

"అటు పోయేవాళ్ళకూ చెప్పమ్మా, నీ నోటి ముత్యాలేం రాలిపోవులే" అని మేనేజరు ఆమెను గుమ్మంలో నిలబెట్టాడు. చెప్పింది. ఉద్యోగం మరి. పసుపు షాపులో ఈగలు తోలుకోవడం మొదలైంది.

ఓ సాయంత్రం అక్క కంచం విసురుగా జరిపింది.

"మమ్మల్ని మూసేస్తారట. ఆ మాట మింగేసి ఊరుకోలేవుటే?"

"అనకపోతే నన్ను తీసేస్తారక్కా."

"అను, అనవే! నా నోటికాడి కూడు లాగి నీ దొరల నోట్లో పెట్టు. పుణ్యమొస్తుంది!"

నూనె చిట్లి కాలిన చేతులు చల్లటి నీళ్ళలో పెట్టుకుని, అక్క తినకుండానే కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం, షాపు కిటకిటలాడుతుండగా, ఎర్ర షాపులన్నిటి మీదా పెత్తనం చేసే కోటు దొర వచ్చాడు.

"శభాష్! అటువాళ్ళు దుకాణం సర్దేస్తున్నారు. ఇక్కడ పోటీ లేదు గనక ఇక సగంమంది చాలు. ముక్క కూడా చిన్నది చేద్దాం. నిన్ను మాత్రం ఇంకో వీధికి మారుస్తాం. అక్కడ వేరే షాపు మనల్ని తినేస్తోంది."

"అక్కడ ఎవరి అక్క ఉందో సార్."

"ఏమిటీ?"

"ఏం లేదు సార్."

వెనక ముక్కలు వేయిస్తున్న ముసలాయన తలెత్తలేదు. సగంమందిలో తనెటో అతనికి తెలుసు. కౌంటరమ్మ పొట్లం కట్టడం ఆపింది. మనిషి మీదికి మనిషిని ఉసిగొల్పి, గెలిచినవాణ్ణి కూడా గెంటేసే ఆటకు పోటీ అని పేరా!

మనం ఎవర్నీ ఉత్తినే వెళ్ళమనం. గిట్టనివాడినైనా వెళ్ళి రమ్మంటాం. ఆమె ఆ 'రా'ను పళ్ళ మధ్య పట్టి కొరికేసింది. పొట్లం అందించి "వెళ్ళండి" అంది. ఆ తర్వాతివాళ్ళకూ అంతే.

మేనేజరు ఉరికొచ్చాడు. "పూర్తిగా అనమ్మా! సగమే అంటున్నావేం?"

"సగంమంది చాలన్నారుగా. సగం మాట చాలదా?"

కోటు దొర మొహం కందిపోయింది. "నిన్నిప్పుడే తీసేస్తున్నాను!"

"సరే. మీరూ వెళ్ళండి సార్."

ఆయన కారెక్కి వెళ్ళాడు. మళ్ళీ ఆ వీధి ఆయనకు దొరకలేదు. ఎటు తిప్పినా కారు పక్కవీధిలోనే తేలుతుండేదట. ఆ వేళ వరసలో నిలబడ్డవాళ్ళంతా మర్నాటి నుంచి అటువైపు తిన్నారు. పసుపు షాపు మూతపడలేదు. పోటీ మిగిలింది గనక ఎర్ర షాపులో మనుషుల్ని తీసేసే ఊసూ ఎవరూ ఎత్తలేదు.

అక్క చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చింది.

"ఊరినంతా నా మీదికి తోలావు కదే, గుక్కెడు నీళ్ళు తాగితే ఒట్టు!" అని, గొంతు తగ్గించింది. "మా మేనేజరు నిన్ను రమ్మంటున్నాడు. నీ నోరు కావాలట."

"చేతులు కావాలంటే వస్తాను. నూనె దగ్గర నీ పక్కన నిలబడతాను" అంది చెల్లెలు. "నోరు ఇంట్లో పెట్టి వస్తానని చెప్పు."