పడమటి కడలికి బాడుగబండి

మార్గశిరమాసమునందలి యొకానొక యపరాహ్ణమున, ప్రాతఃకాలము మొదలుకొని యవిచ్ఛిన్నధారగాఁ గురిసి నారికేళవనములను వరికేదారములను దేవాలయశిఖరములను నొక్కరీతిఁ దడిపి జనులను విసిగించిన మేఘములు తుదకుఁ దామును విసిగి తూర్పుకొండల చాటునకుఁ దొలఁగిపోఁగా, బాలిద్వీపమున పడమటి యాకాశము నిర్మలనీలమై ప్రకాశింపసాగెను. తడిసిన పెంకుటిండ్ల చూరులనుండి జలబిందువులు వాకిటి గుంటలలోఁ దాళము వేయుచుండెను. గడపగడపకును ముందు నేలమీఁద లేఁత కొబ్బరాకుదొన్నెలలో నమర్చిన చంపకమందారకుసుమములు మట్టివాసనతోఁ దమ పరిమళమును గలుపుచుండెను. వాన వెలిసినదే తడవుగా వీథులలోఁ బడిన ద్విచక్రవాహనముల ఘోషముచేఁ జెవులు గింగురుమనుచుండెను.

ఆ సమయమున నొక వసతిగృహము ముందఱ చేతులు వెనుకకుఁ గట్టుకొని సూర్యుని యెత్తును గంటితోఁ గొలుచుచు నిలిచియున్న పురుషుఁడు గొట్టిముక్కల పురుషోత్తము. బందరు వాస్తవ్యుఁడు, సహకారబ్యాంకున మేనేజరుగా నుండి విశ్రాంతి నొందినవాఁడు. అతని ప్రక్కను ఆకుపచ్చని నేఁతచీర కట్టి చేతిసంచిని గుండెకు హత్తుకొని నిలిచియున్నది యాతని యిల్లాలు మంగతాయారు.

బందరువారికి సముద్రము తూర్పున నున్నది. ఆ యూర సూర్యుఁడు నీటిలో లేచి పొలములలోఁ బడును గాని నీటిలోఁ బడుట యెవ్వరును జూచియెఱుఁగరు. వివాహమైన క్రొత్తలో దంపతులిరువురును మంగినపూడి తీరమున నిలిచి సూర్యోదయమును జూచుచుండఁగా మంగతాయారు, "ఈయన నీళ్లలోంచి లేవడం చూస్తూనే ఉన్నాం. నీళ్లలోకి దిగడం చూసే యోగం మనకి లేదా అండీ?" అని యడిగెను. "నేను చూపిస్తాగా!" అని నవయౌవనోత్సాహమున పురుషోత్తము మాట యిచ్చెను. ఇచ్చుట సులభమే. పిమ్మట బదిలీలు వచ్చెను. పిల్లల చదువులు వచ్చెను. మోఁకాళ్ల నొప్పులును వచ్చెను. పడమటి సముద్రము మాత్రము రాలేదు. ఆమె మఱల నొక్కనాఁడును అడుగలేదు. అడుగకపోవుటయే యాతనికి ముల్లై లోలోపలఁ గ్రుచ్చుచుండెను.

కావుననే విజయవాడనుండి యొక యాత్రికబృందము బాలిద్వీపమునకుఁ బోవుచున్నదని వినఁగానే యతఁడు వెనుకాడక పేరు లిచ్చెను. అయినను విధి యేమందును? మొదటి సాయంకాలము వాన. రెండవనాఁడు బస్సువాఁడు బట్టలయంగడి ముందు నిలిపి చీఁకటిపడువఱకుఁ గదలఁడాయెను. మూఁడవనాఁడు సూర్యాస్తమయము ముఖ్యమా సాంబారు ముఖ్యమా యని బృందములోఁ జేతులెత్తించి యడుగఁగా సాంబారు గెలిచెను. ఇది కడపటి సాయంకాలము. తెల్లవాఱినచో విమానము. నేఁడు కాకున్న నీ జన్మమునకు లేదని పురుషోత్తమునకుఁ దెలియును. బృందమువారు కడపటి కొనుగోళ్లకై బజారునకుఁ బోఁగా నతఁడు భార్యను వెంటఁబెట్టుకొని వీథి చివరనున్న యద్దెబండ్ల యంగడికి నడిచెను. ఇట్టి యవసర మేదియో వచ్చునని తలఁచి యంతర్జాతీయ చోదకానుమతిని బందరుననే సంపాదించి జేబునఁ బెట్టుకొనివచ్చిన దూరదర్శి యతఁడు.

అంగడివాఁడగు వాయాను నడివయసువాఁడు, నవ్వుమొగమువాఁడు. సరిక్రొత్త నల్లని స్కూటరొకటి తెచ్చి ముందఱ నిలిపెను. పురుషోత్తము దానిచుట్టును ప్రదక్షిణము చేసి, కాలితోఁ దన్ని ప్రాణము పోయవలసిన కడ్డి యెచ్చటను గానక భ్రుకుటి ముడిచెను. మీఁట నొక్కెను, పలుకదు. అంతట నాతని చేతులలో బందరునాఁటి యభ్యాసము మేల్కొనెను. పూర్వము తన పాతస్కూటరు ప్రతిదినమును మొండికేయఁగా దానిని తనవైపునకు బాగుగా వంచి పెట్రోలు దింపి నిలువఁబెట్టి తన్నెడి మంత్ర మాతనికిఁ గలలోనైన మఱపురానిది. ఎవ్వరును వలదనులోపల నతఁడా నల్లనిబండిని హస్తద్వయమునఁ బట్టి నేలకుఁ జేరునంతగా వంచెను. వాయాను కెవ్వున నఱచి పరుగెత్తుకొనివచ్చి రెండవవైపునఁ బట్టుకొనెను. "నో గేర్, బాపా! ఓన్లీ గో!" అని వాఁడు బ్రతిమాలెను. బాపా యనఁగా నా దేశమునఁ బెద్దలను గౌరవముగాఁ బిలుచు పిలుపు. ఆ గౌరవ మిఁక నెంతసేపు నిలుచునో యని మంగతాయారు నేలఁ జూచెను.

ముప్పదియేండ్ల యలవాటు చొప్పున పురుషోత్తము క్లచ్చనుకొని యెడమచేతి పిడిని గట్టిగా నదిమి మీఁట నొక్కఁగా బండి చటుక్కునఁ బలికెను. నిజమునకది క్లచ్చు కాదు, వెనుకచక్రపు బ్రేకు. బ్రేకు నదిమినఁగాని పలుకకుండుట యా బండ్ల స్వభావము. వాయాను వేలు చూపి చెప్పఁబోయెను గాని, పొరపాటున నెగ్గినవానికిఁ జెప్పఁగల వాఁడెవఁడు? "క్లచ్చు లేదంటాడే వీడు! మరి ఇదేవిటీ?" అని పురుషోత్తము భార్యవైపు తిరిగి విజయగర్వమునఁ బలికెను.

ఇంతలో నింకొక వివాదము. మంగతాయారు శిరస్త్రాణమును ధరించి, చీరకుచ్చెళ్లు సవరించుకొని, వెనుకపీఠముపై నెప్పటివలె నెడమవైపునకుఁ దిరిగి ప్రక్కగాఁ గూర్చుండెను.

"అట్లా కాదే. రెండువైపులా కాళ్లేసి కూర్చో. కొత్తబండి, ఒకవైపుకి లాగేస్తుంది. ఇక్కడ మనల్నెవరు చూడొచ్చారు?"

"చీర కట్టుకుని అట్లా ఎక్కడం నావల్ల కాదు. ఇన్నేళ్లూ ఇట్లాగే కూర్చున్నాగా, ఇవాళ కొత్తగా పడిపోతానా?"

"నువ్వు చెపితే వింటే గదా!" అని పండ్లు నూఱి పురుషోత్తము బండిని గదల్చెను.

వీథి మలుపునఁ గుక్కయొకటి యడ్డము రాఁగా నతఁడు వేగము తగ్గింపనెంచి క్లచ్చు నదిమెను. అనఁగా బ్రేకు నదిమెను. బండి గతుక్కుమని నిలిచిపోయెను. మంగతాయారి శిరస్త్రాణము మగని శిరస్త్రాణమునకుఁ దగిలి ఠంగుమని మ్రోగెను. వెనుకవచ్చు వాహనములన్నియు నొక్కుమ్మడిఁ గూఁతలు పెట్టెను. ఇట్లు ప్రతికూడలియందును నెడమచేయి తన పాతధర్మమును నెఱవేర్చుచునే యుండెను. చేతిని దిట్టుకొనుటకు వీలులేక యతఁడు బండిని దిట్టెను, త్రోవను దిట్టెను, ఆ బండిని జేసినవారినిఁ దిట్టెను. సూర్యుఁ డవేమియు వినక క్రిందికి దిగుచుండెను.

పెద్దబాటయందు వాహనములు క్రిక్కిఱిసి నిలిచిపోయినందున నతఁడు సందులలోనుండి సముద్రపుదారికిఁ జేరవచ్చునని ప్రక్కకుఁ దిప్పెను. అచ్చట మొదలయ్యెను నిజమైన యిక్కట్టు.

"ఆపండి! పువ్వులు!" అని మంగతాయారు భుజము తట్టెను.

ఇఱుకుసందు నడుమ దేవతార్పితమైన పూలదొన్నె యొకటి పడియుండెను. ఆమె దిగి, దానికి నమస్కరించి, యావలికి నడిచిపోయి నిలువఁబడెను. అతఁడు బండిని గోడవెంబడి జరుపుకొనుచుఁ దీసికొనిపోయెను. ఎక్కిరి. ఇరువది బారలు పోవకమునుపే యింకొకటి. దిగిరి. పిదప వరుసగా మూఁడు. ఆ దేశమువారి భక్తికి మేర లేదు. వాకిలికొకటి, మెట్టుకొకటి, మలుపుకొకటి. పురుషోత్తమునకుఁ దలప్రాణము తోఁకకు వచ్చెను.

"ఊరంతా పువ్వులే పెట్టుకుంటే నేనెగిరి వెళ్లనా? అక్కడ సూర్యుడు దిగిపోతున్నాడే!"

"దేవుడికి పెట్టిన పువ్వులమీంచి చక్రం పోనిచ్చి, ఆ దేవుణ్ణే చూడ్డానికి వెళతామా?"

ఈ ప్రశ్నతో నతనికోపము రెట్టింపయ్యెను. సరిగా నప్పుడే యొక యింటి వృద్ధురాలు చీపురుతో వెలువడి, వాకిటనున్న పూలదొన్నెలను రాలుటాకులతోఁగూడ నొక్కయూఁపున నూడ్చి గంపలో నెత్తిపోసెను. మంగతాయారు నోటిపై వ్రేలుంచుకొని దిగ్భ్రాంతయై చూచెను. వృద్ధురా లామె చూపు నర్థము చేసికొని, ఆఱిపోయిన యగరుపుల్ల నెత్తి చూపి, పొగ పైకిఁ బోయినట్లు చేయి త్రిప్పి, దేవుఁ డారగించెనని నోటివైపు సంజ్ఞచేసి, మిగిలినది చెత్తయే యన్నట్లు చీపురు విదిల్చి, పొండు పొండని నవ్వుచు దారి చూపెను.

"ఇదేదో ఆ మొదటి పువ్వు దగ్గరే తెలిసుంటే!" అని పురుషోత్తము నొసలు కొట్టుకొనెను. ఎవరియందుఁ గోపగింపవలెనో కూడఁ దెలియని కోపము కోపములలోనెల్ల దుర్భరము.

ఎట్టకేలకు సముద్రతీరపు బాట కన్పట్టెను. అది తీరము ననుసరించి యుత్తరముగాఁ బోవును. ఆ బాటతుద నొక గుట్ట యున్నది; యాత్రాసంఘమువారి పటమునఁ గడలిలోఁ గ్రుంకు సూర్యబింబము నచ్చటినుండియే తీసియుండిరి. ఆ గుట్టపై భార్యను నిలిపి ఇదిగో చూడుమని చేయిచాఁచి చూపవలెనని పురుషోత్తమునకుఁ బట్టుదల. కాని ముందఱ వెదుళ్లు నింపిన లారీయొకటి గున్నయేనుఁగువలె నీడ్చుకొనుచుఁ బోవుచుండెను. పొడవైన వెదురుకొనకుఁ గట్టిన యెఱ్ఱగుడ్డ యాతని కన్నులయెదుటనే వ్రేలాడుచుండెను. దాఁటిపోవుటకుఁ జోటు లేదు. అతఁడా యెఱ్ఱగుడ్డపైనే చూపు నిలిపి, చేయి క్లచ్చుపైకిఁ బోకుండఁ బట్టి, కూఁతపై కూఁత వేయుచుండెను.

వెనుకనుండి మంగతాయారు భుజముపైఁ జేయి వేసెను. "ఏవండీ..."

"మాట్లాడకు. దారి చూడనీ."

కొంతదవ్వు పోయిన పిదప నా చేయి మఱింత గట్టిగా భుజమును నొక్కెను. "ఏవండీ, ఒక్కసారి..."

"నీకేం, వెనక కూర్చున్నావు! అయిదు నిమిషాలు నోరు మూసుకో, తాయారూ!"

చేయి భుజముమీఁదనే యుండెను గాని మాట మఱి వినఁబడలేదు.

లారీ పొలములోనికి మఱలిపోఁగా పురుషోత్తము బండిని శక్తికొలఁదిఁ బఱపి గుట్టక్రింద నిలిపి భార్య చేయి పట్టుకొని గబగబ నెక్కించెను. పైనుండి జనులు గుంపులుగుంపులుగా దిగివచ్చుచుండిరి. శిఖరమునఁ జేరి చూచునప్పటికి పడమట బూడిదవన్నె యాకాశమును, దానిక్రింద నల్లఁబడుచున్న నీరును దప్ప నేమియు లేదు. సూర్యుఁ డస్తమించెను.

పురుషోత్తము శిరస్త్రాణము నూడఁబెఱికి గడ్డిమీఁదఁ బాఱవైచెను.

"అయిపోయింది! వానొకటి, బట్టలకొట్టొకటి, సాంబారొకటి, పూలొకటి, వెదురుబొంగులొకటి! నా బతుకంతా బ్రేకేదో క్లచ్చేదో తెలియకుండానే గడిచిపోయిందే! నువ్వు నోరు తెరిచి అడిగింది ఒక్కటి. అదొక్కటీ చూపించలేకపోయాను." అంతసేపు కోపమని తలఁచినదంతయు లోపల సిగ్గును దుఃఖమునే యని యాతనికప్పుడు తెలిసెను.

మంగతాయారు గడ్డిలోని శిరస్త్రాణమును దీసి కొంగుతోఁ దుడిచెను.

"నేను చూశానండీ."

"ఏం చూశావు?"

"సూర్యుడు దిగడం. మొత్తం చూశాను. ఆ లారీ వెనకాల వస్తుంటే కొబ్బరిచెట్ల మధ్యనుంచి సముద్రమే కదా నాకెదురుగా! అంచు తగలడం దగ్గర్నుంచి మునిగిపోయేదాకా రెప్ప వెయ్యలేదు."

పురుషోత్తము క్రిందనున్న బాటవైపు తిరిగి చూచెను. బాట యుత్తరముగాఁ బోవుచుండెను. సముద్ర మెడమవైపున నుండెను. ఆమె యెడమవైపునకుఁ దిరిగి కూర్చుండెను. వలదని తాను పోరాడిన కూర్చుండుతీరే యది.

"మరి నాతో చెప్పవేం?"

"రెండుసార్లు పిలిచాను. మీరు దారి చూడనీ అన్నారు."

చూపింతునని బయలుదేఱినవాఁడు లారీకిఁ గట్టిన యెఱ్ఱగుడ్డను జూచెను. మాటాడవలదని గద్దింపఁబడినది సూర్యునిఁ జూచెను. మోయువానికి మోఁతయే కాని దృశ్యము దక్కదేమో! ఆ తలఁపు నాతఁడు నవ్వి త్రోసివేయఁజూచెను గాని నవ్వు రాలేదు. తన మాట నెగ్గెనని సంతోషింపవలెనో, తాను లేకయే నెగ్గెనని చింతింపవలెనో తెలియక గుట్ట దిగి బండికడకు వచ్చెను.

బండి తలను ఉత్తరమునకుఁ ద్రిప్పుకొని యట్లే నిలిచియుండెను. మంగతాయా రెక్కుటకై కుచ్చెళ్లు సవరించుకొనుచుండఁగా పురుషోత్తము తాను ముందఱ నెక్కక, ఆమె కూర్చుండెడి వెనుకపీఠముపైఁ బ్రక్కగా నెడమవైపునకుఁ దిరిగి రెండుకాళ్లును జేర్చి కూర్చుండెను. పట్టుకొనుట కేమియు దొరకక చేతులు తడుముకొనెను. ఇన్నియేండ్లు ఆమె తన భుజమునే యేల పట్టుకొనెనో యప్పటికి బోధపడెను. అటనుండి చూడఁగా నెదుట మఱేమియు నడ్డములేదు; కొబ్బరిచెట్లును, వానివెనుక వెలుఁగింకను బూర్తిగా నాఱని సముద్రమును.

"ఎట్లా ఉందో చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

"మూకుట్లో బూరె జారవిడిచినట్టుందండీ. అంచు తగిలింది, కాస్త ఆగింది, మెల్లిగా లోపలికి దిగింది. చుట్టూ నూనెంతా బంగారమయింది. చుయ్యిమనలేదు, అంతే తేడా."

"ఎక్కడ?"

మంగతాయారు వచ్చి యాతని ప్రక్కను నిలిచి, యొక చేయి యాతని భుజముపై నుంచి, రెండవచేతి వ్రేలితో నల్లనినీటిపై నొకచోటు చూపెను. "అదుగో, ఆ పడవకి కొంచెం కుడిపక్కన."

పురుషోత్తము తలయూఁపి, ఏమియు లేని యా చోటిని రెప్పవేయక చూచుచుఁ గూర్చుండెను.