ఎర్ర సిరా మొగుడు

పద్నాలుగేళ్ళ కాపురం తర్వాత, పిల్లలిద్దర్నీ తీసుకుని విజయనగరంలో అన్నగారింటికి వెళ్ళిపోయి, అక్కడే విడాకుల కేసు వేయాలని ఉమామహేశ్వరి తీర్మానించుకుంది. టాటానగర్‌లో, బిష్టుపూర్ పేటలోని లాయరమ్మ ఒక్క మెలిక పెట్టింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదని తండ్రి చేత కాగితం మీద సంతకం పెట్టించుకోవాలట.

ఆ తండ్రి బంగార్రాజు అక్కడి రైల్వే ఆఫీసులో పెద్ద గుమాస్తా. చేతికొచ్చిన కాగితాన్ని తప్పు పట్టకుండా వదిలిన పాపాన పోలేదు.

ఉమ సామాన్లు గుమ్మంలో పెట్టి, సంతకానికి రాసిన ఉత్తరం అతని చేతికిచ్చింది. అతను విడాకులన్న మాట దగ్గర ఆగనైనా ఆగలేదు.

"ఏటిది? తేదీ లేదు, పిల్లల వయసుల్లేవు. మళ్ళీ రాయి" అంటూ ఎర్ర సిరా పెన్ను తీశాడు.

రాసింది.

"విషయం అని పైన రాసి, కింద గీత కొట్టాల కదేటి?"

రాసింది, గీతా కొట్టింది.

"మమ్మీ, ట్రేన్ ఛూట్ జాయేగీ!" అని పెద్దపిల్ల హాసిని బ్యాగు మీద కూర్చుని, బండి తప్పిపోతుందని హిందీలో గోల పెట్టింది.

నాలుగోసారికి సంతకం పడింది. దాని పైన, "పదిహేను రోజులు మంజూరు. పొడిగింపునకు ముందుగా దరఖాస్తు చేసుకోవలెను" అని ఎర్రగా రాసి ఉంది.

"బండెల్లిపోయింది! మీ ఎర్ర సిరా మండిపోనూ!" అంది ఉమ.

మర్నాటి బండికి వెళ్ళింది. విడాకులకు కారణమేమిటని విజయనగరం లాయరుగారు అడిగితే, ఆ నాలుగు కాగితాలూ బల్ల మీద పెట్టింది.

ముసలాయన అన్నీ చదివి, కళ్ళజోడు తీశాడు.

"పద్నాలుగేళ్ళు ఎలా వేగేవు తల్లీ?"