కొండ వెనక

కుందేళ్ళ పాట మూడో చరణానికి వచ్చేసరికి ఆయాకు కుడి భుజం లాగడం మొదలైంది. ప్రతి ఏడూ ఇక్కడికి వచ్చేసరికి ఇంతే. యాభై దాటిన పొట్టి మనిషి. అరచేతులు మాత్రం బండబారి మగవాడి చేతులంత ఉంటాయి. ఆ రెండు చేతులతో స్టేజీ మీది చెక్క కొండ వెనకున్న అడ్డకర్రను వెనక్కి లాగిపట్టి, మడమలు నేలకు తన్నిపెట్టి నిలబడింది. అవతలివైపు పచ్చటి కొండ, ఎర్రటి సూర్యుడు. ఇటువైపు రంగులేని చెక్క, మేకుల మొనలు. కొండ కింద ఒకటో తరగతి కుందేళ్ళు ఏడుగురు కూర్చున్నారు. చెయ్యి వదిలితే కొండ వాళ్ళ నెత్తిమీదే.

చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల బాలోత్సవం పన్నెండేళ్ళుగా ఈ బడి హాల్లోనే జరుగుతోంది. ఆయా చూసింది మాత్రం చెక్క కింద నుంచి కనబడే పిల్లల పాదాలే. మొదటి ఏడు ఆట మధ్యలో కొండ వెనక ఊతకర్ర విరిగింది. ఊడుస్తున్నది ఊడుస్తున్నట్టే వదిలి ఆమె పరుగున వచ్చి పట్టుకుంది. "నువ్వు లేకపోతే మా పరువు పోయేదే" అంది హెడ్మిస్ట్రెస్. అన్నేళ్ళు బడి ఊడ్చినా ఒక్కసారీ వినని మాట. ఆ మాటే ఆమె కొంప ముంచింది. మరుసటి ఏడు వడ్రంగి వచ్చి, "రెండు మేకులు కొడితే అయిపోతుందక్కా" అంటే, "దీని సంగతి నాకు తెలుసులే నాయనా" అని తనే తరిమేసింది. పొగడ్తకు పడనివాళ్ళు ఎవరైనా ఉంటే ముందు నవ్వండి.

ఇవాళ పొద్దున మాత్రం తనే హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి అడిగింది.

"అమ్మా, మా అక్కకి బొత్తిగా బాగోలేదు. ఒక్కసారి రమ్మంటోంది. మధ్యాహ్నం వెళ్తానమ్మా."

"అయ్యో, ఇవాళే రావాలా! కొండ ఎవరు పట్టుకుంటారు చెప్పు? ఆఖరి ఐటమ్ కాగానే పరిగెత్తుదువుగాని."

తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. తన ముద్దలో సగం చెల్లెలి నోట్లో పెట్టిన అక్క. ఆమె ఉన్న ఆసుపత్రి నాలుగు వీధుల అవతలే.

నడుముకు దోపుకున్న ఫోను వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. రెండు చేతులూ కొండకు ఇచ్చేశాక మూడో చెయ్యి ఎక్కడిది? పాట ఎంతకీ అయిపోదు. ఓ కుందేలు గెంతడం మరిచిపోయి ఏడుపు లంకించుకుంది. "గెంతు నాన్నా, గెంతు" అని పక్కనుంచి టీచరు బతిమాలుతోంది.

తెర పడి, పిల్లలు లోపలికి పరుగెత్తాక గానీ ఒక చెయ్యి వదలడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"పిన్నీ," అంది ఫోన్లో అక్క కూతురు. "అమ్మ ఇంతసేపూ తలుపు వంకే చూసింది. ఇప్పుడే పోయింది."

"వస్తున్నా తల్లీ."

ఇంకా రెండు ఐటమ్‌లు ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. నేల తుడవడానికి తెచ్చుకున్న పెద్ద ఇనప బకెట్టు పక్కనే ఉంది, నిండా నీళ్ళతో. దాన్ని కాలితో కర్ర కిందికి జరిపి, తడిగుడ్డతో దాని పిడిని అడ్డకర్రకు బిగించి కట్టింది. మెల్లగా చెయ్యి వదిలింది. కొండ కదల్లేదు. ముందుకు వెళ్ళి గట్టిగా లాగి చూసింది. ఊహూ.

పన్నెండేళ్ళు. ఆమె బకెట్టు వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఏడుపు అప్పుడొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

తెర లేచింది. వేరే బడి పిల్లలు చేపల వేషాల్లో వచ్చారు. చప్పట్లు మోగాయి. హాల్లో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఆమె చేతుల రాపిడికి నున్నబడిన అడ్డకర్ర కింద, పిల్లలు గెంతినప్పుడల్లా బకెట్టులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి.