ఏడో తూటా

ఉరుకుందు చెవుల్లో కీచురాయి దూరి ఆరు నెలలయింది. పొద్దున లేచింది మొదలు గుయ్‌మని ఒకటే మోత. చెవి పట్టుకుని గుంజినా పోదు, తల విదిలించినా పోదు.

రాకేం చేస్తుంది? బేతంచెర్ల నాపరాళ్ల గనిలో పదిహేనేళ్లుగా తూటాలు పేల్చేది అతనే. కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్త. లేచే ప్రతి మిద్దెకూ బండలు కావాలి, పైనున్న గట్టిరాయి పగలాలి. ఆ గనిలో ఒక కట్టడి ఉంది. ఒత్తులు అంటించినవాడే గట్టు చాటుకు ఉరికి, పేలినవి లెక్కపెట్టాలి. ఏడు అంటిస్తే ఏడు వినబడాలి. ‘ఏడూ అయినాయి’ అని అతను కేక వేస్తేగాని ఒక్క మనిషీ గనిలోకి దిగడు. ఇంతమంది ప్రాణాలు తన చెవుల మీద ఉన్నాయని ఉరుకుందుకు మహా గర్వం. అలాంటివాడు చెవులు మూసుకుంటాడా? అంతకంటే మీసం తీయించుకోవడం నయం.

అతని భార్య లక్ష్మక్క అదే గట్టు మీద కంకర కొడుతుంది. ఊరుకునే మనిషి కాదు. ఎల్లిపాయలు కాచిన నూనె పోసింది, వాము పొగ పట్టింది. ఏదీ పని చేయకపోయేసరికి మొగుడి చేయి పట్టుకుని రైలెక్కించి కర్నూలు డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది.

డాక్టరు దీపం వేసి చెవులు రెండూ చూశాడు.

“ఇంక నూనె చుక్క కూడా పోయొద్దమ్మా. పేలుళ్లకు లోపల దెబ్బతినింది. ఈ మోత పోగొట్టే మందు నా దగ్గర లేదు. ఇంతకు మించి పెరగకుండా ఆపుకోవడం మాత్రం నీ చేతిలోనే ఉందయ్యా. మైనంలో ముంచిన దూది పెట్టుకో, పైన అరచేతులు అదుముకో, వీలైనంత దూరం పో.”

“చెవులు మూసుకుంటే లెక్కెట్ల పెట్టేది సార్?”

“లెక్క ఇంకొకరు పెడతారు.”

ఆ మాటకు ఉరుకుందు మనసు చివుక్కుమంది. డాక్టరు ఇచ్చిన మైనం దూది పొట్లం తలపాగాలో దోపుకున్నాడు, అంతే.

నాలుగు రోజుల తర్వాత ఏడు ఒత్తులు అంటించి గట్టు చాటుకు ఉరికాడు. నాలుగు పేలేసరికి బయటి మోత ఏదో లోపలి మోత ఏదో అతనికే తెలియలేదు. ఎదుటి బండకు తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని కూడా కలిపేసుకున్నాడు కాబోలు. “ఏడూ అయినాయి” అని కేక వేసి, ఇనుప గడారి భుజాన పెట్టుకుని అందరికంటే ముందు కదిలాడు.

లక్ష్మక్క సుత్తి పడేసి వచ్చి దారికి అడ్డంగా కూర్చుంది.

“ఆరే పేలినాయి.”

“లెయ్యే. పదైదేండ్లుగా లెక్క పెడతాండా. నాకు చెప్తావా నువ్వు?”

“నేనూ పదేండ్లుగా వింటాండా. పోవల్లంటే నన్ను తొక్కి పో.”

కూలీలు నవ్వారు. ఉరుకుందు ముఖం కందగడ్డయింది. మేస్త్రీ పెద్ద ఈరన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“కోపం చేసుకోవాకప్పా. ఒక బీడీ తాగి పోదాం. బండ యాడికీ పోదు.”

బీడీ సగం కాలకముందే గని అదిరింది. రాళ్లు పైకి లేచి, ఉరుకుందు గడారి వేయబోయిన చోటనే కుప్పగా పడ్డాయి.

ఉరుకుందు గడారి కింద పడేసి పెళ్లాం పక్కనే చతికిలబడ్డాడు. భయం వేసింది, సిగ్గు కూడా వేసింది. తన వెనకే దిగబోయిన పన్నెండు మంది ముఖాలూ ఒక్కొక్కటే చూసుకున్నాడు. లక్ష్మక్క అతని తలపాగాలోంచి ఆ పొట్లం లాగి ఒళ్లో పడేసి, సుత్తి వెతుక్కోవడానికి వెళ్లిపోయింది.

మరునాడు ఐదు ఒత్తులు అంటించాడు. రోజూ పోయే దానికి రెండింతల దూరం ఉరికి, దూది పెట్టుకుని, పైన అరచేతులు అదుముకుని కూర్చున్నాడు. కాళ్ల కింద నేల అదురుతోంది గానీ శబ్దం ఎక్కడో పక్క ఊళ్లో ఉన్నట్టుంది. పదిహేనేళ్లలో మొదటిసారి ఏదీ లెక్కపెట్టకుండా ఊరికే కూర్చున్నాడు. హాయిగా ఉంది. ఇంత హాయిగా ఉంటుందని తెలియనందుకు తనమీద తనకే నవ్వొచ్చింది.

పెద్ద ఈరన్న వచ్చి భుజం తట్టాడు. ఉరుకుందు దూది తీశాడు.

“ఎన్నప్పా?”

కూలీలంతా అతని నోటి వైపే చూస్తున్నారు. ఉరుకుందు లేచి, గట్టు మీద ఐదు వేళ్లూ చాపి నిలబడ్డ మనిషిని చూపించాడు.

“నన్నడుగుతావేందన్నా? ఇంక లెక్క మా లక్ష్మక్కది,” అన్నాడు.